మూడు మడిగెలు, ఒక బోర్డు: మన బజార్లలోకి చైన్ దుకాణాలు వచ్చిన దారి

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ న్యూటౌన్ దారిలో కొన్నేళ్లుగా ఒకే తరహా పని నడుస్తోంది. పక్కపక్కన ఉన్న మూడు మడిగెల నడిమి గోడలు తీసేస్తారు. ముందు పెద్ద అద్దం, లోపల తెల్ల టైల్స్, ఏసీలు, పక్క సందులో జనరేటర్. నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో గల్లీకొకటి కనిపించే బోర్డే ఇక్కడా వెలుగుతుంది. ఆ మడిగెల్లో నిన్నటిదాకా ఉన్న జిరాక్స్ సెంటరో, గాజుల దుకాణమో, కిరాణమో ఎటు పోయిందో అడిగేవాళ్లు తక్కువ.

చైన్ స్టోర్ అంటే ఊరి బయట బైపాస్ మీద, పార్కింగుతో కట్టే పెద్ద కొట్టమని మొన్నటిదాకా అనుకునేవాళ్లం. ఇప్పుడది మందుల షాపుగా, కిరాణంగా, బట్టల షాపుగా, కళ్లద్దాల షాపుగా తగ్గి, జనం నడిచిపోయే బజారులోనే కూర్చుంటోంది. చిన్న వ్యాపారుల బతుకేం కావాలని ఒకరు, పది రూపాయలు తక్కువకు దొరికితే మీకెందుకు బాధ అని ఇంకొకరు. ఈ వాదనంతా ధర చుట్టే తిరుగుతోంది. పాత సంగతులు తిరగేస్తే అసలు పేచీ ధర దగ్గర కంటే కిరాయి దగ్గరే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ రెండు ఊళ్లూ నిజాం కాలం నాటి జిల్లా కేంద్రాలు. పాలమూరుకు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టింది 1890లో. వ్యాపారం గంజ్ చుట్టూ అల్లుకుంది. ఆముదాలు, పల్లి, ధాన్యం గంజ్‌లో అమ్ముకున్న రైతు అటునుంచి అటే ఉప్పు, చింతపండు, బెల్లం, బట్ట కొనుక్కుని బండెక్కేవాడు. సరుకిచ్చేది సేటే, అప్పిచ్చేదీ సేటే. వ్యాపారుల్లో చాలామందికి ముందు మడిగె, వెనకాల ఇల్లు. వాళ్లకు కిరాయి లెక్కే లేదు. కిరాయికి ఉన్నవాళ్లు కూడా మాట మీద ఉన్నవాళ్లే, తండ్రి తర్వాత కొడుకు అదే మడిగెలో కూర్చునేవాడు.

బయటి దుకాణం ఏదీ లోపలికి రాకుండా దశాబ్దాల పాటు కాపాడింది ఉద్దెర. పాత కిరాణంలో గల్లా పెట్టె పక్కన పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం ఉండేది, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. మొదటి పేజీ మీద పసుపు, కుంకుమ బొట్లు. లోపల పేర్ల కన్నా గుర్తులే ఎక్కువ: ‘లైన్‌మన్ సారు’, ‘రైస్‌మిల్లు డ్రైవర్’, ‘బావికాడి ఇల్లు’. నౌకరీ ఉన్నవాళ్లు ఒకటో తారీఖు దాటాక కట్టేవాళ్లు. నల్లగొండ దిక్కు వడ్లు అమ్మినాకనో, బత్తాయి తోట గుత్తకిచ్చినాకనో బాకీ తీరేది. పాలమూరులోనైతే బొంబాయికో, పుణెకో పనికి పోయిన మనిషి పండక్కి వచ్చేదాకా ఇంట్లోవాళ్లను సేటు సరుకే నిలబెట్టేది. అది ధర్మమేమీ కాదు. ఉద్దెర రేటు వేరు, నగదు రేటు వేరు, వడ్డీ ఆ తేడాలోనే ఉండేది. కానీ ఆర్నెల్లు ఆగి డబ్బు తీసుకునే పద్ధతి ఏ కంపెనీ కౌంటర్‌కూ తెలియదు.

ఈ గోడకు మొదటి బీట తెచ్చింది సూపర్‌మార్కెట్ కాదు, ప్యాకెట్. లూజు సరుకు నడిచినంతకాలం తూకం సేటుది, రేటు సేటుది, కొసరు వేయాలా వద్దా అన్న దయా సేటుదే. 1983లో కడలూరు నుంచి వచ్చిన చిక్ షాంపూ లాంటి సాషేలు తోరణాల్లా దుకాణాల ముందు వేలాడాయి. ఉప్పు, పసుపు, నూనె, చాయ్‌పత్తా ఒక్కొక్కటే ప్యాకెట్ ఎక్కాయి. పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధరను అట్ట మీద ముద్రించాలన్న నిబంధన 1990లో వచ్చింది. ధర సేటు నోట్లోంచి అట్ట మీదికి మారింది. ‘ఎమ్మార్పీ మీద ఐదు శాతం తక్కువ’ అని ఎవరైనా బోర్డు పెట్టగలిగే రోజు అప్పుడే మొదలైంది. ఈ మార్పును మన వ్యాపార సంఘాలు అప్పట్లో పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. కంపెనీ సరుకు అమ్మడం తేలిక కాబట్టి సంతోషంగానే అమ్మారు.

ఆ బోర్డు పెట్టే ప్రయోగాలకు హైదరాబాద్ మైదానమైంది. త్రినేత్ర 1986లో, రత్నదీప్ 1987లో అక్కడే మొదలయ్యాయి. రెండూ కాలనీ మూలన ఇమిడే దుకాణాలే, మాల్స్ కావు. 1996లో చెన్నైలో తొలి షాపు తెరిచిన ఫుడ్‌వరల్డ్ తర్వాత ఇటూ వచ్చింది. 2006 చివర్లో రిలయన్స్ తన తొలి ఫ్రెష్ దుకాణాలకు హైదరాబాద్‌నే ఎంచుకుంది. 2007 మొదట్లో త్రినేత్రను ఆదిత్య బిర్లా గ్రూప్ కొని ‘మోర్’ బోర్డు తగిలించింది. అదే ఏడు రాంచీలో కూరగాయల వ్యాపారులు రిలయన్స్ ఫ్రెష్ షాపుల మీద దాడి చేశారు, ఉత్తరప్రదేశ్‌లో మాయావతి ప్రభుత్వం ఆ దుకాణాలను మూయించింది. మన దగ్గర అంత గొడవ జరగలేదు.

ఆ రోజుల కథల్లో ఇప్పటి నల్లగొండకు బాగా పనికొచ్చేది సుభిక్షది. 1997లో చెన్నైలో పుట్టిన ఆ సంస్థది ఏసీలు, ఆడంబరం తప్పిస్తే ఇప్పుడు మనం చూస్తున్న నమూనాయే. ఇళ్ల మధ్య చిన్న షాపు, కిరాణంతో పాటు మందులు, అన్నిటి మీదా తగ్గింపు. 2008 నాటికి దేశమంతా సుమారు 1,600 దుకాణాలు తెరిచింది. తెచ్చిన అప్పుల మీద అంత వేగం నడిచింది. కొత్త అప్పు పుట్టని రోజున జీతాలు, కిరాయిలు, సరుకు బిల్లులు ఒకేసారి ఆగిపోయాయి. 2009 మొదటికల్లా షట్టర్లు దిగాయి. జీతాల్లేక కాపలావాళ్లు వెళ్లిపోతే కొన్ని షాపుల్లో సరుకు లూటీ అయింది. మంచి కిరాయి వస్తుందని పాత కిరాయిదారును లేపి మడిగె ఇచ్చిన యజమానికి మిగిలింది తాళం, కోర్టు నోటీసు. ఇరుకు షాపు నడపడం చవకని పైకి అనిపిస్తుంది. కానీ వెయ్యి షాపులంటే వెయ్యి కిరాయిలు, వెయ్యి కరెంటు బిల్లులు. దుకాణం చిన్నదైన కొద్దీ అమ్మకంలో కిరాయి వాటా పెరుగుతుంది.

డీమార్ట్ ఈ లెక్కను తిరగేసి చదివింది. 2002లో ముంబై పొవాయిలో మొదలైన ఆ సంస్థ స్థలం కొని, సొంత భవనంలో వ్యాపారం చేయడానికే మొగ్గు చూపుతూ వచ్చింది. కిరాయి మిగిలితే ఆ మిగులు ధర తగ్గించడానికి పనికొస్తుంది. సొంత ఇంటి ముందు గదిలో కిరాణం పెట్టుకున్న మన సేటు బలం కూడా ఇదే. దేశంలోకెల్లా గట్టి చైన్, గల్లీలోకెల్లా గట్టి కొట్టు ఒకే సూత్రం మీద నిలబడ్డాయి. ఇద్దరికీ కిరాయి బరువు పెద్దగా లేదు.

నడుమ 2012లో విదేశీ పెట్టుబడుల గొడవ వచ్చింది. బహుళ బ్రాండ్ల రిటైల్‌లో 51 శాతం దాకా అనుమతిస్తూ కేంద్రం తీసుకున్న నిర్ణయానికి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా సరేనంది. వాల్‌మార్ట్ వచ్చేస్తోందని ఊరూరా బంద్‌లు, ధర్నాలు. ఆ నిబంధనల్లోనే అలాంటి దుకాణాలు ప్రధానంగా 10 లక్షల జనాభా దాటిన నగరాల్లో ఉండాలని ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు ఆ గీతకు చాలా దూరంలో ఉన్నాయి, ఇప్పుడూ అంతే. మన బజారులోకి వచ్చినవి దేశీ కంపెనీలు, వాటికి ఏ గీతా అడ్డం లేదు.

అన్నిటికన్నా ముందు గల్లీ దాకా వచ్చినవి మందుల షాపులు. అపోలో ఫార్మసీ 1987 నుంచి ఉంది, మెడ్‌ప్లస్ 2006లో హైదరాబాద్‌లో పుట్టింది. ఒక్క మడిగె సరిపోతుంది, సరుకు బరువుండదు, బీపీ, షుగర్ మందులకు నెలనెలా అదే మనిషి వస్తాడు. పెద్దవాళ్లకు తగ్గింపు బిల్లు రుచి చూపించింది ఇవే. ‘ఫోన్ నంబర్ చెప్పండి అంకుల్’ అన్న మాట కిరాణం చైన్ల కన్నా ముందు ఇక్కడే అలవాటైంది.

కిరాణం, బట్టల చైన్లు జిల్లాల వైపు గట్టిగా తిరిగింది 2016 తర్వాత. ఆ ఏడాది అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్‌లోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి. 2019లో నారాయణపేట కూడా చేరింది. ప్రతి కొత్త కేంద్రానికీ కలెక్టరేట్, ఎస్పీ ఆఫీసు, వాటి వెంట నెల జీతగాళ్లు వచ్చారు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. 2016 నవంబర్‌లో నోట్ల రద్దు, 2017 జూలైలో జీఎస్టీ, ఆ వెనకే ఫోన్‌తో చెల్లింపులు. జీతం బ్యాంకులో పడి ఫోన్లోంచి ఖర్చయ్యే ఇంటికి ఎర్ర అట్ట పుస్తకంతో పని తగ్గింది. అటు హైదరాబాద్‌లో కిరాయిలు కొండెక్కి కూర్చున్నాయి. జిల్లా కేంద్రంలో అదే సైజు హాలు అందులో కొంత భాగానికే దొరుకుతుంటే కంపెనీలు రాకుండా ఎందుకుంటాయి?

ఇక్కడ ఇంకో చట్టం సంగతి చెప్పుకోవాలి, బజారులో దీని గురించి మాట్లాడేవాళ్లు అరుదు. 1960 నాటి కిరాయి నియంత్రణ చట్టం కింద పాత కిరాయిదారును ఊరికే ఖాళీ చేయించడం కుదిరేది కాదు, కిరాయి ఎంత న్యాయమో తేల్చడానికి రెంట్ కంట్రోలర్ ఉండేవాడు. 2005లో దాన్ని సవరించారు. కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయిలకు ఆ రక్షణ ఉండదని రాశారు. బజారులో 2,000కు మడిగె ఎక్కడ దొరుకుతుంది? అంటే కిరాయికున్న చిన్న వ్యాపారుల్లో చాలామంది చట్టం గొడుగు బయటే ఉన్నారు. వాన పడేదాకా ఎవరికీ తెలియలేదు, అంతే.

చిన్న వ్యాపారి చేతిలో ఉండేది మహా అయితే 11 నెలల అగ్రిమెంట్. రిజిస్ట్రేషన్ తప్పించుకోవడానికి వాడే లెక్క అది. చైన్ కంపెనీ తెచ్చే కాగితం వేరు. తొమ్మిదేళ్లో, పన్నెండేళ్లో రిజిస్టర్డ్ లీజు, మూడేళ్లకోసారి ఇంత శాతమని ముందే రాసుకున్న పెంపు, నెల మొదటి వారంలో నేరుగా ఖాతాలో డబ్బు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, మడిగెల దగ్గర కూర్చుని కిరాయి వసూలు చేసే ఓపిక లేని యజమానికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఆ లీజుల్లో ఒక మెలిక ఉంటుంది. లాక్ ఇన్, అంటే లీజు మధ్యలో వదులుకోకూడని గడువు, చాలాసార్లు యజమానికి మొత్తం కాలానికి, కంపెనీకి తొలి రెండు మూడేళ్లకే. వ్యాపారం నడవకపోతే కంపెనీ నోటీసిచ్చి వెళ్లిపోతుంది. గోడలు తీసేసిన హాలును మళ్లీ మూడు మడిగెలు చేసుకునే ఖర్చు యజమాని నెత్తిన పడుతుంది. సంతకం పెట్టేముందు వకీలుకు చూపించేవాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, చూపించుకోవాల్సిన చోటు మాత్రం అదే.

బోర్డులు ఎంత తొందరగా మారతాయో హైదరాబాద్ చూసింది. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలను తీసుకోవడానికి బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ గ్రూప్ 2016లో ఒప్పందం కుదుర్చుకుంది. కరోనా దెబ్బకు ఆ గ్రూప్ కూలబడింది. కిరాయిలు కట్టలేని దాని దుకాణాల లీజులు అప్పటికే రిలయన్స్ చేతికి వెళ్లాయి, 2022 ఫిబ్రవరిలో ఆ దుకాణాలను రిలయన్స్ స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. కంపెనీలు సరుకు మీదే కాదు, లీజు కాగితం మీదా పోట్లాడుకుంటాయని అప్పుడు అర్థమైంది.

ధర పేచీ లేదని కాదు. ఉంది, అది కౌంటర్ దగ్గర కాకుండా గోడౌన్ దగ్గర ఉంది. మన కిరాణంకు సరుకు కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్ ద్వారా వస్తుంది, చైన్‌కు నేరుగా వెళ్తుంది. మాకిచ్చే రేటుకూ వాళ్లకిచ్చే రేటుకూ ఇంత తేడా ఏమిటని డిస్ట్రిబ్యూటర్ల అఖిల భారత సమాఖ్య 2022 జనవరిలో మహారాష్ట్రలో కోల్గేట్ సరుకు కొంత ఆపేసింది కూడా. చిన్న వ్యాపారులు టోకున కొనుక్కునే మెట్రో క్యాష్ అండ్ క్యారీ భారత వ్యాపారాన్ని 2,850 కోట్లకు కొంటున్నట్టు అదే ఏడాది డిసెంబర్‌లో రిలయన్స్ ప్రకటించింది. సేటుకు సరుకు అమ్మేదీ వాళ్లే, సేటుతో పోటీపడేదీ వాళ్లే.

దెబ్బ అందరికీ ఒకేలా లేదు. గల్లీ లోపల సొంతింట్లో కొట్టు నడిపేవాళ్లు పొద్దున్నే పాలప్యాకెట్లతో మొదలుపెట్టి రాత్రి దాకా నెట్టుకొస్తున్నారు. రూపాయి సాషే, పది రూపాయల కందిపప్పు, ‘అన్నా, సాయంత్రం ఇస్తా’ అన్న మాట అక్కడే చెల్లుతాయి. కూరగాయల్లో కూడా చైన్లు పెద్దగా పీకిందేమీ లేదు. 1999లో మొదలైన రైతుబజార్లకు, రోడ్డు పక్క తట్టలకు అలవాటుపడ్డ జనం ఏసీలో వాడిన తోటకూర కొనరు. నలిగిపోతున్నది మెయిన్ రోడ్డు మీద కిరాయికున్న నడిమి రకం దుకాణం. దానికి సేటు లాంటి సొంత గోడ లేదు, కంపెనీ లాంటి లీజు లేదు. పక్కన చైన్ ఇచ్చే కిరాయి చూసి దాని యజమాని కూడా రేటు పెంచుతాడు. అమ్మకం తగ్గకముందే ఖర్చు పెరుగుతుంది.

మున్సిపాలిటీ దృష్టిలో చైన్‌కూ చిన్న దుకాణానికీ తేడా లేదు. ట్రేడ్ లైసెన్సు ఫీజు చదరపు అడుగుల లెక్కన, రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది, బోర్డు ఎవరిదన్నది అడగరు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 2004 నుంచి అడుగుతున్నారు. ఒకే బోర్డు కింద 11 లేదా అంతకు మించి దుకాణాలున్న సంస్థ ఇళ్ల మధ్య వ్యాపార వీధుల్లోకి రావాలంటే 2006 ఓటింగు తర్వాత ప్రత్యేక అనుమతి, చుట్టుపక్కలవాళ్ల అభిప్రాయం తప్పనిసరి. మన దగ్గర అలాంటిది పెడితే అదొక కొత్త మామూలు అయి కూర్చుంటుందన్న భయం నాకుంది. అంతకన్నా పాత చట్టంలోని ఆ 2,000, 3,500 అంకెలను ఇప్పటి కిరాయిలకు తగ్గట్టు సవరించడం సులువైన పని. జిల్లాలు ఏర్పడిన కొత్తలో తొమ్మిదేళ్లకు రాసుకున్న లీజులకు గడువు తీరే ఏళ్లు 2025, 2026. అక్కడ మళ్లీ ఏ రేటు ఖాయమవుతుందో, పక్కనున్న 11 నెలల అగ్రిమెంట్లకూ అదే లెక్క వర్తిస్తుంది.