చుక్కల భూములు: ఆ చుక్క ఎక్కడ పడింది

తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేనును అమ్ముదామని పోతే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ‘ఇది చుక్కల భూమి, రిజిస్ట్రేషన్ కాదు’ అనిపించుకున్న రైతులు కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో కొల్లలు. తప్పు కంప్యూటరుదనో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి)దనో తిట్టుకుంటాం గానీ, భూమి రిజిస్టరులో పట్టాదారు పేరుకు బదులు పడిన ఆ చుక్క వయసు చాలా ఊళ్లలో వందేళ్ల పైమాటే.

1800లో నిజాం ఈ రాయలసీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. కర్నూలు, దాని చుట్టుపక్కల మాత్రం 1839 దాకా నవాబు ఏలుబడిలోనే సాగింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచి, చేలు కొలిపించి, నడుమ జమీందారు లేకుండా రైతు పేరునే శిస్తు నిర్ణయించాడు. ఊరిని నడిపే మనుషులను మాత్రం ఆయన కొత్తగా తేలేదు. వసూలుకు రెడ్డి, లెక్కకు కరణం, కాపలాకు తలారి, చెరువు నీళ్లు పారగట్టడానికి నీరుగంటి అప్పటికే ఉన్నారు. వాళ్ల జీతం మాన్యాల్లోనే, అంటే పనికి బదులు ఇచ్చిన భూముల్లోనే ఉండేది. కంపెనీ దొరలు మారినా, తాలూకా అమల్దార్లు మారినా, ఊరి లెక్క కరణం ఇంట్లోనే ఉండిపోయింది. 1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం తెచ్చి ఆ వారసత్వానికి ముద్ర కూడా వేసింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రీసర్వే చేసి, సర్వే నంబరు వారీగా సెటిల్‌మెంటు రిజిస్టర్లు రాశారు. మనవాళ్లు ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు) అనీ డైగ్లాట్ అనీ పిలిచేది వాటినే. భూమి సర్కారుదో పట్టాదారుదో తేలని చోట, పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు.

ఆ చుక్కలతో చాలాకాలం ఎవరికీ పేచీ రాలేదు. ఏ చేను ఎవరి సాగులో ఉందో కరణం ఏటా అడంగల్ అనే సాగు లెక్క పుస్తకంలో ఎక్కించేవాడు, రైతు శిస్తు కట్టి రసీదు దాచుకునేవాడు, అమ్మకాలు కొనుగోళ్లు జరిగిపోయేవి. డైగ్లాట్ తిరగేయాల్సిన పనే పడలేదు.

వంశపారంపర్యంగా గ్రామోద్యోగం ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వ్యవస్థ మరో ఇరవై మూడేళ్లు బతికింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో మునసబు (ఊరి రెడ్డి), కరణం పోస్టులు రద్దు చేసింది. అది జరగాల్సిందే. ఒక కుటుంబం కలం మీద ఊరి భూములన్నీ ఆధారపడటం ఏ లెక్కన చూసినా మంచిది కాదు. రద్దు జరిగిన తీరులోనే లోపం ఉంది. కరణం ఇంట్లోని దస్త్రాలన్నీ చాలాచోట్ల సక్రమంగా చేతులు మారలేదు. వచ్చిన కాగితాలతో పాటు వాటి వెనక కథ తెలిసిన మనిషి రాలేదు. మరుసటి ఏడాదే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆపైన గ్రామ పరిపాలనాధికారి, పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయం. బోర్డు మారిన ప్రతిసారీ అడంగల్ రాసే చెయ్యి కూడా మారింది.

2007లో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ చేయకూడని సర్కారు భూముల నిషేధిత జాబితా ఏర్పడింది. 2016లో చుక్కల భూములనూ అందులో చేర్చారు. పాత డైగ్లాట్లకు ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. పిల్లల చదువుకో ఆసుపత్రి ఖర్చుకో చేను అమ్మాలనుకున్నవాడికి దారి మూసుకుపోయింది. 2017లో వచ్చిన ప్రత్యేక చట్టం భూమి పన్నెండేళ్లుగా తమ అనుభవంలో (స్వాధీనంలో) ఉందని చూపినవారికి హక్కు ఇస్తామంది. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ అనుభవానికి రుజువు అడంగలే, అదేమో రెవెన్యూ ఆఫీసులో ఉంటుంది. తన దగ్గరున్న పుస్తకంలోని సంగతిని రైతే అర్జీ పెట్టుకుని నిరూపించాలని సర్కారు కోరినట్టయింది. 2023 మేలో నెల్లూరు జిల్లా కావలి సభలో ప్రభుత్వం తనంతట తానే ఈ భూములను 22ఏ నుంచి తీసి రైతులకు హక్కులు ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పని 1984లో కరణాల దస్త్రాలు స్వాధీనం చేసుకున్నప్పుడే చేసి ఉండవచ్చు. అప్పటికి అడంగల్ రాసిన కరణాలు చాలా ఊళ్లలో ఇంకా బతికే ఉన్నారు.