డాంబరు మీద గాలి, చెలక బాటలో నేల

దేవరకొండ వైపు పది కిలోమీటర్ల బండ్లబాటనూ పది కిలోమీటర్ల డాంబరు రోడ్డునూ ఒకే గాటన కట్టకూడదు. దూరం ఒకటే, సైకిల్ తొక్కితే ఒంట్లోంచి ఖర్చయ్యే శక్తి మాత్రం వేరు.

చదును నేల మీద సైకిల్‌ను ఆపేవి ముఖ్యంగా రెండు: టైరుకు నేల, మనిషికి గాలి. మనిషి, సైకిల్ కలిపి 80 కిలోలు, నిటారుగా కూర్చుని గంటకు 15 కిలోమీటర్ల వేగం అనుకుందాం. మంచి డాంబరు మీద టైర్లకు సుమారు 16 వాట్లు, గాలికి 22 వాట్లు పోతాయి. అదే వేగంతో ఎర్ర చెలకల మధ్య మట్టిబాటలో పోతే టైర్లకే 65 వాట్ల దాకా కావాలి. గాలి వాటా మారదు. అంటే మొత్తం శ్రమ రెట్టింపు దాటింది.

డాంబరు మీద నలిగేది టైరు రబ్బరు ఒక్కటే. మట్టిలో నేల కూడా నలుగుతుంది. చక్రం కొద్దిగా దిగబడి, తాను చేసిన గుంతలోంచి తానే ఎక్కుతూ పోతుంది. దుబ్బలోనైతే మరీ కష్టం. లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం మీద బరువు తగ్గి, అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కూర్చునే, చిన్న గేరులో తొక్కాలి. రాళ్లబాటలో ప్రతి రాయీ సైకిల్‌తో పాటు మనిషినీ కాస్త పైకి లేపుతుంది. ఆ శక్తి తిరిగి రాదు, చేతుల్లో, భుజాల్లో, నడుములో అదురుగా పోతుంది. అందుకే టైర్లలో గాలి దట్టంగా కొట్టించడం ఇక్కడ పనికిరాదు. కొంచెం తగ్గిస్తే రాయి దగ్గర టైరే వంగుతుంది, మనిషి లేవడు. చాలామంది దీన్ని నమ్మరు గానీ, ఒక్కసారి చేసి చూడాల్సిందే.

పల్లంలోనూ సుఖం లేదు. గుట్ట ఎక్కి సంపాదించిన శక్తి మలుపుల్లో, గుంతల దగ్గర బ్రేకులకే పోతుంది. రోడ్డు మీదైతే ఆ వేగమే మనల్ని చాలా దూరం మోసుకెళ్తుంది.

అలాగని రోడ్డు ఎప్పుడూ తేలికని కాదు. వేగం రెట్టింపై 30కి చేరితే గాలికయ్యే శక్తి ఎనిమిది రెట్లవుతుంది, దాదాపు 175 వాట్లు. ఆషాఢంలో పడమటి గాలి జోరుగా వీస్తుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ వైపు 65వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు 15 కిలోమీటర్ల ఎదురుగాలిలో 15 వేగంతోనే పోయినా, మొత్తం వంద వాట్లు దాటుతుంది. గాలి లేని పొద్దున మట్టిబాటలో అయ్యే శ్రమ కంటే అది ఎక్కువే. ఆ నెలల్లో ముందు పడమటికి పోయి, అలసిపోయాక తిరుగు ప్రయాణంలో గాలి వీపు వైపు ఉండేలా చూసుకోవడం మంచిది.