తుపాకీ మోత ఎటు నుంచి వచ్చింది?

1972 జనవరి 30, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో పెట్టడాన్ని నిరసిస్తూ వేలమంది ఊరేగింపుగా కదిలారు. దాదాపు అందరూ కాథలిక్కులే. బ్రిటిష్ పారాచూట్ రెజిమెంట్ కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా తూటాలు పేల్చింది. ఆ రోజే 13 మంది చనిపోయారు, గాయపడిన మరొకరు తర్వాత కన్నుమూశారు. తమ మీద దాడి జరిగితేనే కాల్చామన్నారు సైనికులు. వట్టి చేతులతో పారిపోతున్నవాళ్లను కాల్చారన్నారు జనం.

ముందు చప్పుడు సంగతి చూద్దాం. ఆనాటి సైనిక రైఫిల్ తూటా సెకనుకు 800 మీటర్లకు పైగా వెళ్తుంది. గాలిలో ధ్వని వేగం 340 మీటర్ల చిల్లర. అంటే తూటా తన మోతకన్నా ముందే మనల్ని దాటిపోతుంది. అలా దాటేటప్పుడు గాలిని చీల్చుతూ ‘ఛట్’మంటుంది, తుపాకీ గొట్టం దగ్గర పుట్టిన ‘ఢాం’ ఆ వెనక చేరుతుంది. పేలింది ఒకటి, వినిపించేవి రెండు. మొదటి చప్పుడు వచ్చిన దిక్కున తుపాకీ ఉండదు. పైగా అక్కడ పది అంతస్తుల రాస్‌విల్ ఫ్లాట్స్ ఉన్నాయి, ప్రతి గోడా మోతను తిప్పికొడుతుంది. పక్కవాడు పేల్చిందే ఎదుటి మేడ మీంచి వచ్చినట్టు అనిపించడానికి సైనికుడు అబద్ధాలకోరు కానక్కర్లేదు.

విన్నది మెదడులో నిలిచే తీరు ఇంకో చిక్కు. ప్రాణభయం వేసినప్పుడు నారడ్రినలిన్ అనే రసాయనం ఎగసిపడి, మెదడులోని అమిగ్డలా ముప్పు ఉన్నచోటికే ధ్యాసను లాగేస్తుంది. ఆ ఒక్కటీ గాఢంగా నాటుకుంటుంది, చుట్టుపక్కలది జారిపోతుంది. శత్రువు చేతికి చిక్కితే తట్టుకోవడమెలాగో అమెరికా సైన్యంలో శిక్షణ ఇస్తారు. అందులో పాల్గొన్న 500 మందికి పైగా సిబ్బందిని మనోవైద్యుడు చార్ల్స్ మోర్గన్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షించింది. తమను కఠినంగా విచారించిన మనిషిని, అరగంటకు పైగా ఎదురుగా చూసినా, మర్నాడు వరసలో నిలబెడితే సరిగ్గా పోల్చుకున్నది 30 శాతమే. మెత్తగా ప్రశ్నించినవాడిని మాత్రం 62 శాతం పోల్చుకున్నారు.

కాలం గడిచేకొద్దీ జ్ఞాపకం కూడా కదులుతుంది. గల్ఫ్ యుద్ధం నుంచి తిరిగొచ్చిన 59 మంది అమెరికా సైనికుల్ని నెల తర్వాత ఒకసారి, రెండేళ్ల తర్వాత మరోసారి అవే ప్రశ్నలు అడిగితే, 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చారు. మొదట ‘చూడలేదు’ అన్నదే తర్వాత ‘చూశాను’ అయింది. మనోగాయం ఎక్కువున్నవారిలో ఈ చేర్పులూ ఎక్కువే.

ఈ శాస్త్రాన్ని సాకుగా వాడుకుంటే నేను ఒప్పుకోను. 1972లో పదకొండు వారాల్లో ముగిసిన తొలి విచారణ సైనికుల మాటే చాలావరకు నమ్మింది. 1998లో న్యాయమూర్తి సావిల్ మొదలుపెట్టిన విచారణ సుమారు 2,500 వాంగ్మూలాలు సేకరించి, 900 మందికి పైగా సాక్షుల్ని పిలిచి విని, 2010లో తేల్చింది: చాలామంది సైనికులు తెలిసి తెలిసీ అబద్ధం చెప్పారని, చనిపోయినవారి వల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదని. పొరపడ్డ చెవి వేరు, కట్టిన కథ వేరు. వందల సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే ఆ తేడా బయటపడుతుంది.

దూరం నుంచి చూసినవారి జ్ఞాపకం నిఖార్సయినదనీ అనుకోవద్దు. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు, ఆ వార్త ఎలా తెలిసిందో అమెరికాలో మనస్తత్వవేత్త ఉల్రిక్ నైసర్ విద్యార్థులచేత రాయించాడు. రెండున్నరేళ్ల తర్వాత అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, అదీ ఎంతో ధీమాగా. సొంత చేతిరాత చూపించినా కొత్త కథ వదల్లేదు.

చెన్నై తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. శ్రీలంకలో జరిగింది డెర్రీలోలాగా కాథలిక్కు, ప్రొటెస్టంట్ మతవర్గాల గొడవ కాదు, సింహళ, తమిళ జాతుల పోరు. కానీ జ్ఞాపకం చీలిన తీరు ఒకటే. 1987 జూలైలో శాంతి కాపాడ్డానికి వెళ్లిన మన సేన అక్టోబరుకల్లా ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడే ఎల్టీటీఈ ‘పులుల’తో యుద్ధంలో ఉంది. దాదాపు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. 1990 మార్చిలో చివరి దళాలు చెన్నై రేవులో దిగితే, ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు.

ఆవడిలో మా వీధి చివర ఉండే మాజీ హవల్దారు ఆ సేనలో వెళ్లొచ్చినవాడే, నెల్లూరు వైపు మనిషి. జాఫ్నా ఊళ్లు ఎలా ఉండేవి బాబాయ్ అని అడిగాను. “ఊరెవరు చూశార్రా అబ్బాయ్! మందుపాతర ఎక్కడుందోనని నేల చూసుకుంటూ నడిచాం. తాటాకు దడి పక్కన కొత్తగా తవ్విన మట్టి కనిపిస్తే ఇప్పటికీ కాలు ఆగిపోతుంది,” అన్నాడు. మనుషుల ముఖాలు ఆయనకు గుర్తులేవు, మట్టి రంగు గుర్తుంది. ఎదురింటి తమిళ పెద్దావిడ ఏనాడూ సముద్రం దాటలేదు. 1987 అక్టోబరులో జాఫ్నా ఆసుపత్రిలో 60 మందికి పైగా చనిపోయిన ఘటనను మాత్రం వార్డు వార్డునా కళ్లతో చూసినట్టు చెబుతుంది. ఎదురుకాల్పుల్లో పోయారని సైన్యం అంది. రోగుల్నీ సిబ్బందినీ నిష్కారణంగా కాల్చారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

మాట్లాడేవాడు దాటవేసిన ముక్కను వినేవాడి మనసు కూడా మరిచిపోతుందని మనస్తత్వవేత్త విలియం హర్స్ట్ బృందం 2007లో చూపించింది. రెజిమెంటువాళ్లు కలిసినప్పుడల్లా ఆసుపత్రి ఊసు రాదు, వీధి అరుగు మీద మందుపాతర ఊసు రాదు. అలా ఒక్కో గుంపులో ఒక్కో సగం చెరిగిపోతోంది.

అప్పుడు పాతికేళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటారు. మీ ఇంట్లో అలాంటివారుంటే విడిగా కూర్చోబెట్టి అడగండి. “మీ మీద కాల్పులు జరిగాయా?” అని కాదు, “ఎక్కడ నిలబడ్డారు, ఏం వినిపించింది?” అని. మధ్యలో అందించకండి. ఏ రోజు చెప్పారో తేదీ వేయండి. ఇంకొకరి మాటతో పొసగకపోతే సర్ది రాయకండి, రెండూ అలాగే ఉంచండి.