తెర మీద సీడీజే బొమ్మ: డీజే స్కిన్ల గురించి అపోహలు - వాస్తవాలు

విజయనగరం చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ, సంగీత్‌లకీ, నిమజ్జనాలకీ పాటలు వేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పని నేర్చుకున్నది అద్దెకు తెచ్చిన రెండు సీడీజేలు (డీజేలు వాడే సీడీ ప్లేయర్లు), మధ్యలో రెండు పాటల్ని కలిపే ఒక మిక్సర్ మీద. ఇప్పుడు బండెక్కించేది ల్యాప్‌టాప్, దానిలోని డీజే సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపే బటన్ల పెట్టె, అంటే చిన్న కంట్రోలర్ మాత్రమే. కొత్తగా దిగిన కుర్రాళ్ళు ఫోన్ చేసి, "అన్నా, వర్చువల్ డీజేకి పయొనీర్ స్కిన్ ఉంటే పంపవా" అంటారు. వర్చువల్ డీజే అంటే ల్యాప్‌టాప్‌లో పాటలు కలిపే సాఫ్ట్‌వేర్. స్కిన్ అంటే దాని తెరకి తొడిగే ముఖం. వాళ్ళు అడిగేది తెర పయొనీర్ కంపెనీ సీడీజేలా కనిపించే స్కిన్. పంపుతాను. కాకపోతే వాళ్ళు దాన్నుంచి ఆశించేది ఒకటి, అది చేసేది ఇంకొకటి.

అపోహ: సీడీజే స్కిన్ వేస్తే సీడీజే సౌండ్ వస్తుంది.

రాదు. వర్చువల్ డీజే స్కిన్ అంటే ఒక జిప్ ఫైలు. విప్పి చూస్తే లోపల ఒక పీఎన్‌జీ బొమ్మ, ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటాయి. బొమ్మలో బటన్లు, నాబ్‌లు గీసి ఉంటాయి. ఏ బటన్ ఎక్కడ కనిపించాలి, నొక్కితే ఏం జరగాలి అన్నది ఎక్స్‌ఎంఎల్‌లో రాసి ఉంటుంది. అంతే. పాటను చదివి శబ్దంగా మార్చేది వేరే భాగం, దానికి ఈ బొమ్మతో సంబంధం లేదు. పయొనీర్ వాళ్ళ డీజేఎం మిక్సర్‌లా గీసిన బేస్ నాబ్ తిప్పినా, కింద తిరిగేది సాఫ్ట్‌వేర్ సొంత ఈక్యూనే (బేస్, ట్రెబుల్ హెచ్చుతగ్గులు చేసేది). సౌండ్ పలచగా ఉందంటే ముందు పాట ఫైలు చూసుకోండి. వాట్సాప్‌లో పదిమంది చేతులు మారిన పాటకి ఏ స్కిన్ తొడిగినా బేస్ రాదు.

అపోహ: తెర డెక్‌లా ఉంటే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది.

డెక్ అంటే ఒక పాట ఆడే ప్లేయర్. ఈ అపోహ నాకూ ఉండేది. రాజాంలో ఒక సంగీత్‌కి అచ్చం సీడీజేలా ఉందని ఒక స్కిన్ దించుకుని వెళ్ళాను. కార్యక్రమం మధ్యలో కంట్రోలర్ యూఎస్‌బీ వైరు ఊడింది. ఎవరి కాలో తగిలి ఉంటుంది. సరే, మౌస్‌తో నడిపిద్దామని చెయ్యి వేశాను. అసలు సీడీజే మీద ఎడమ పక్కన అడుగున ప్లే, దాని పైన క్యూ, అంటే పాటని ముందే గుర్తుపెట్టిన చోటికి తెచ్చి ఆపే బటన్. ప్లే ఆకుపచ్చ, క్యూ నారింజ. నా చేతికి తెలిసింది అదే. ఆ స్కిన్ గీసినవాడు చోటు కలిసొస్తుందని రెండిటినీ తారుమారు చేశాడు. రెండో డెక్‌లో పాట మొదలెడదామని అడుగు బటన్ నొక్కితే అది కదల్లేదు. మొదటి డెక్ ఆపుదామనే తొందరలో మళ్ళీ తప్పు నొక్కాను. పాట క్యూ పాయింట్‌కి ఎగిరిపోయి ఆగింది. స్టేజీ మీద పిల్లలు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయారు. పెళ్ళికూతురి మేనమామ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మర్నాడు స్కిన్ కాపీ ఒకటి పక్కన పెట్టుకుని, ఎక్స్‌ఎంఎల్‌లో ఆ రెండు బటన్ల ఎక్స్, వై అంకెలు మార్చి సరిచేసుకున్నాను. నోట్‌ప్యాడ్ చాలు, ప్రోగ్రామింగ్ ఏమీ రానక్కర్లేదు. అసలు ఫైలు మీదే చెయ్యి పెట్టకండి, ఒక్క గుర్తు పోయినా స్కిన్ తెరుచుకోదు.

కంట్రోలర్ బాగా పనిచేసినంతసేపూ మీ చేతులు దాని మీదే ఉంటాయి. తెర మీద బటన్ల అమరిక పనికొచ్చేది కంట్రోలర్ మొరాయించిన ఆ రెండు నిమిషాలకే. ఇక సీడీజే ఎప్పుడూ ముట్టుకోని కుర్రాడికి సీడీజే బొమ్మతో ఒరిగేదేమీ లేదు. నేర్చుకోనిదాన్ని చెయ్యి ఎలా గుర్తుపెట్టుకుంటుంది? వాడి కంట్రోలర్ ఎలా ఉందో తెర అలా ఉంటే మేలు.

అపోహ: స్కిన్ మారిస్తే కంట్రోలర్ బటన్లు కూడా దాని ప్రకారం మారతాయి.

మారవు. అది మ్యాపింగ్ పని, అంటే కంట్రోలర్ మీద ఏ బటన్ ఏం చెయ్యాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే జాబితా పని. స్కిన్‌కి సంబంధం లేదు.

అపోహ: స్లయిడర్ పొడుగ్గా గీస్తే టెంపో సన్నగా పట్టుకోవచ్చు.

టెంపో అంటే పాట వేగం. కొంత నిజమే, కానీ అసలు సంగతి రేంజ్‌లో ఉంది, అంటే స్లయిడర్‌తో వేగాన్ని ఎంతదాకా పెంచగలం, తగ్గించగలం అన్నదాంట్లో. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎమ్‌కే2 అనే రికార్డు ప్లేయర్ మీద పిచ్, అంటే వేగం మార్పు, అటు 8 శాతం, ఇటు 8 శాతం. తెర మీద స్లయిడర్ 200 పిక్సెళ్ళ పొడవుంది అనుకోండి. రేంజ్ అటూ ఇటూ 33 శాతం పెడితే ఒక్క పిక్సెల్ జరిపితే టెంపో 0.33 శాతం మారిపోతుంది. అదే రేంజ్ 8 పెడితే 0.08 శాతమే. బొమ్మ టెక్నిక్స్‌దే, రేంజ్ మాత్రం 33లో వదిలేసి, "బీట్ కలవట్లేదన్నా" అంటే నేనేం చెప్పను? చవక కంట్రోలర్లలో ఇంకో చిక్కు. కంట్రోలర్ కంప్యూటర్‌కి పంపే మామూలు మిడి సందేశంలో 0 నుంచి 127 దాకా 128 మెట్లే ఉంటాయి. స్లయిడర్ ఆ పద్ధతిలో పనిచేస్తుంటే, 8 రేంజ్‌లో కూడా ఒక్కో మెట్టు సుమారు 0.125 శాతం. స్కిన్ ఎంత అందంగా ఉన్నా మెట్ల మధ్యలో ఆగలేరు.

అపోహ: ఏ సాఫ్ట్‌వేర్‌కైనా స్కిన్ వేసుకోవచ్చు.

వర్చువల్ డీజేకి వేసుకోవచ్చు. మూడు ఎక్స్‌లతో రాసే మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కి కూడా. సెరాటో అనే ఇంకో డీజే సాఫ్ట్‌వేర్‌లో వాళ్ళిచ్చిన అమరికల్లో ఒకటి ఎంచుకోవడమే, డెక్ బొమ్మ మార్చడం కుదరదు.

అపోహ: నాలుగు డెక్‌లు, నిండా నాబ్‌లు ఉంటేనే ప్రొఫెషనల్.

1366×768 తెర ఉన్న పాత ల్యాప్‌టాప్ మీద నాలుగు డెక్‌లు పెడితే పాట పేరు చదవడానికి వంగి చూడాలి. నేను రెండు డెక్‌లే ఉంచాను. ఎఫెక్టుల వరస తీసేసి, ఆ చోటు పాటల జాబితాకి ఇచ్చాను. పెళ్ళిలో ఎవరో ఒకరు వచ్చి చెవిలో పాట పేరు చెబుతూనే ఉంటారు, వెతకడమే సగం పని. ఇంకోటి, హార్డ్‌వేర్‌లా కనిపించే స్కిన్లలో చాలావరకు నల్లగా ఉంటాయి. రాత్రి ఫంక్షన్ హాల్లో బాగుంటాయి. మిట్టమధ్యాహ్నం నిమజ్జనం బండి మీద మూడు లాంతర్ల జంక్షన్ దాటుతున్నప్పుడు ఆ తెరలో పాట కనపడదు, నా మొహమే కనపడుతుంది. అందుకని ఊరేగింపులకి తెల్ల నేల, పెద్ద అక్షరాలు ఉన్న స్కిన్ వేరుగా పెట్టుకున్నాను. అది ఏ డెక్‌లాగానూ ఉండదు.