ఐదుగురుండే ఇల్లు, 40 వేల పౌండ్ల ఫైన్: దీని వెనక కథేంటి

లండన్ ఈస్ట్ హామ్‌లో మనోళ్ళు ఐదారుగురు కలిసి ఒకే కిచెన్, ఒకే బాత్రూంతో ఇల్లు తీసుకుంటారు చూడండి, అలాంటి ఇంటిని ఇంగ్లండ్‌లో హెచ్ఎమ్ఓ అంటారు. రూల్స్ తప్పితే ఓనర్‌కి 40 వేల పౌండ్ల దాకా ఫైన్ అనగానే అబ్బో అనిపిస్తుంది గానీ ఇక్కడిదాకా రావడానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది.

1981 డిసెంబర్‌లో లండన్ క్లాన్రికార్డ్ గార్డెన్స్‌లో గదులు గదులుగా అద్దెకిచ్చిన ఇళ్ళు తగలబడి 8 మంది చనిపోయారు. 1999లో గ్లాస్గోలో ఇల్లంటుకుంటే ఇద్దరు స్టూడెంట్స్, కిటికీలకి ఊచలుండి బయటికి రాలేక చనిపోయారు. ఆ తర్వాతి ఏడాదే స్కాట్లండ్ ఇలాంటి ఇళ్ళకి లైసెన్స్ తప్పనిసరి చేసేసింది. ఇంగ్లండ్‌లో మాత్రం 2004 చట్టం 2006లో అమల్లోకొచ్చింది, అదీ మూడంతస్తుల ఇల్లయి ఐదుగురో అంతకంటే ఎక్కువో ఉంటేనే, అంటే మనోళ్ళుండే రెండంతస్తుల ఇళ్ళు చాలావరకు లెక్కలోకే రాలేదన్నమాట. 2018 అక్టోబర్‌లో ఆ అంతస్తుల మెలిక తీసేసి, పెద్దవాళ్ళు ఒక్కరు పడుకునే గదైనా 6.51 చదరపు మీటర్లు ఉండాలన్నారు.

ఇక డబ్బు సంగతి. మొదట్లో లైసెన్స్ లేకపోతే కోర్టు వేసే ఫైన్ మహా అయితే 20 వేలు. పది మందిని కుక్కి నెలకి తలా 400 తీసుకున్నా ఏడాదికి 48 వేలు వస్తాయి, ఓనర్ ఇంకెందుకు భయపడతాడు? పైగా కౌన్సిల్ (అంటే అక్కడి మున్సిపాలిటీ) కేసేసి గెలిచినా ఆ ఫైన్ సర్కారు ఖజానాకే. 2017 ఏప్రిల్ నుంచి లెక్క మారింది, కోర్టుకెళ్ళకుండా కౌన్సిలే 30 వేల దాకా వేసి, ఆ డబ్బు తనే ఉంచుకుని చెకింగ్‌లకి వాడుకోవచ్చు.

లైసెన్స్ లేని ఇంట్లో అద్దెకున్నోళ్ళు కూడా ట్రిబ్యునల్‌కెళ్ళి అద్దె వెనక్కి అడగొచ్చు, ముందైతే ఏడాది అద్దె దాకానే ఉండేది. కానీ ఇల్లొకడిదైతే దాన్ని తీసుకుని గదుల లెక్కన మనకి తిప్పేవాడు ఇంకొకడు (చాలాసార్లు మన తెలుగన్నే), 2023లో సుప్రీంకోర్టేమో ఆ మధ్యవాడినే అడగాలి, పైనున్న అసలు ఓనర్‌ని కాదు అంది. మధ్యవాడు కంపెనీ ఎత్తేస్తే మన డబ్బు గోవిందా. 2025 చట్టం ఆ సందు మూసేసింది, అసలు ఓనర్ మీదా వెళ్ళొచ్చు, రెండేళ్ళ అద్దె దాకా అడగొచ్చు, 30 వేల ఫైన్ 40 వేలయిందీ దీంతోనే.

అన్నట్టు, పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని మా ఇంట్లో స్మోక్ అలారం బ్యాటరీ పీకింది మేమే, దానికి ఓనర్‌ని అనలేం.