డెట్రాయిట్‌ని మ్యూజియం లేపిందా? నేను తరచూ వినే నాలుగైదు అపోహలు

నేను అమెరికాలో డెట్రాయిట్ ప్రాంతంలో మ్యూజియం ఎడ్యుకేటర్‌ని. స్కూలు పిల్లల్నీ పెద్దవాళ్ళనీ గ్యాలరీల్లో తిప్పి, బొమ్మల గురించి వాళ్ళచేత మాట్లాడించడం నా పని. శివార్లలో నోవైలోనో కాంటన్‌లోనో మనవాళ్ళింటికి భోజనానికి వెళ్తే చాలు, నగరంలోని పెద్ద ఆర్ట్ మ్యూజియం డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ మాట వస్తుంది. అందరూ డీఐఏ అంటారు. అక్కడ విన్నవాటిలో కొన్ని ఇవి.

అపోహ: డౌన్‌టౌన్ బాగుపడింది మ్యూజియం వల్లే.

వాస్తవం: అసలు డీఐఏ డౌన్‌టౌన్‌లో లేదు. వుడ్‌వర్డ్ అవెన్యూ మీద ఉత్తరంగా వెళ్తే మిడ్‌టౌన్‌లో వస్తుంది. డౌన్‌టౌన్‌లో మళ్ళీ సందడి రావడానికి కారణం స్టేడియాలు, 2010 నుంచి తిరిగొచ్చిన ఆఫీసులు. డౌన్‌టౌన్‌నీ మిడ్‌టౌన్‌నీ కలుపుతూ 2017లో క్యూలైన్ ట్రామ్ కూడా వచ్చింది. మ్యూజియం చేసిన పని వేరు. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020కి 6.4 లక్షలకు పడిపోయింది. అంతమంది వెళ్ళిపోతున్నా అది మాత్రం 1927లో కట్టిన పాలరాతి భవనంలోనే ఉండిపోయింది. నగరానికి మొహం చాటేసిన శివారు కుటుంబాలు ఆదివారం పూట మళ్ళీ లోపలికి రావడానికి మిగిలిన కొద్ది సాకుల్లో అదొకటి.

ఒక్క మ్యూజియంతో ఊరే మారిపోయిందంటూ ఎవరైనా స్పెయిన్‌లోని బిల్బావో ఉదాహరణ చెప్తే నాకు నవ్వొస్తుంది. అక్కడ టైటానియం రేకులు తొడిగిన గుగెన్‌హైమ్ మ్యూజియం 1997లో తెరిచారు. మెట్రో అంతకు రెండేళ్ళ ముందే నడుస్తోంది, నది శుభ్రం చేసే పని అప్పటికే ఏళ్ళ తరబడి సాగుతోంది. మురుగు పైపులు ఫొటోలో పడవు కదా, పేరంతా ఆ టైటానియం భవనానికి పోయింది.

అపోహ: నగరం దివాలా తీసినప్పుడు ఆ బొమ్మలు అమ్మేస్తే అప్పు తీరిపోయేది.

వాస్తవం: ఇది చెప్పేవాళ్ళు లెక్క వేసి చెప్పరు. 2013 జులైలో నగరం దివాలా పిటిషన్ వేసేనాటికి అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు. 1919 నుంచి మ్యూజియం నగరం ఆస్తే కాబట్టి అప్పులవాళ్ళ చూపు గోడల మీద పడింది. నగరం డబ్బుతో కొన్న బొమ్మలకు మాత్రం క్రిస్టీస్ అనే వేలం సంస్థవాళ్ళు వెల కట్టారు: 45 కోట్ల నుంచి 87 కోట్ల డాలర్ల లోపు. ఎక్కువ అంకె తీసుకున్నా అప్పులో 5 శాతం రాదు. పైగా ఆ జాబితాలో ఏమున్నాయి? 1930లో కొన్న, బ్రూగెల్ గీసిన ‘పెళ్ళి నాట్యం’. 1922లో కొన్న వాన్‌గో స్వీయచిత్రం. అమెరికాలో ఒక పబ్లిక్ మ్యూజియంకి చేరిన మొదటి వాన్‌గో అదే.

చివరికి ‘గ్రాండ్ బార్గెయిన్’ కుదిరింది. ఫౌండేషన్లు, రాష్ట్ర ప్రభుత్వం, మ్యూజియం కలిసి ఇరవై ఏళ్ళ లెక్కలో 81.6 కోట్ల డాలర్లు నగర ఉద్యోగుల పెన్షన్లకు ఇస్తామన్నాయి. అందులో మ్యూజియం విరాళాలు పోగుచేసి ఇస్తానన్నది 10 కోట్లు. బదులుగా బొమ్మలూ భవనమూ నగరం చేతిలోంచి లాభాపేక్ష లేని సంస్థకు మారాయి. మా రంగంలో దీన్ని సుఖాంతంగా చెప్పుకుంటారు. నాకు అంత సులువుగా మింగుడుపడదు. నగరంలో సాధారణ ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళ పెన్షన్‌లో 4.5 శాతం కోత పడింది, ఏటా ధరలతో పాటు పెరగాల్సింది ఆగిపోయింది. అయితే ఈ ఒప్పందం లేకపోతే ఆ కోత ఇంకా లోతుగా పడేది.

అపోహ: టికెట్ డబ్బుతో నడుస్తుంది.

వాస్తవం: డెట్రాయిట్ ప్రాంతంలోని వేన్, ఓక్లాండ్, మకోంబ్ కౌంటీల్లో మీకు ఇల్లుంటే ఆస్తి పన్ను బిల్లు తీసి చూడండి. మ్యూజియం పేరిట ఒక చిన్న లైను ఉంటుంది. 2012లో మూడు కౌంటీల జనం ఓటు వేసి ఒప్పుకున్న పన్ను అది. లక్షన్నర డాలర్ల ఇంటికి ఏడాదికి సుమారు 15 డాలర్లు పడుతుంది. మొదట్లో ఏటా సుమారు 2.3 కోట్ల డాలర్లు వచ్చేవి. 2020 మార్చిలో మళ్ళీ ఓటు వేసి పొడిగించారు. అందుకే మనకు మామూలు ప్రవేశం ఉచితం. స్కూలు పిల్లల బస్సు ఖర్చు కూడా ఇందులోంచే. "మనకేం సంబంధం" అనే మనవాళ్ళు ఏళ్ళుగా ఎస్క్రోలోంచి (ఇంటి లోనుతో పాటు పన్నుకని బ్యాంకు పక్కన పెట్టే డబ్బులోంచి) కడుతూనే ఉన్నారు, చూసుకోరంతే.

అపోహ: మ్యూజియం ఉంటే చుట్టుపక్కల అందరికీ మంచిదే.

వాస్తవం: కాస్ కారిడార్ అనే పాత పేరు పోయి మిడ్‌టౌన్ అయిన చోట అద్దెలూ పెరిగాయి. దీనికి మా దగ్గర మంచి జవాబు లేదు.

అపోహ: చదువుకున్నవాళ్ళకే ఆ బొమ్మలు అర్థమవుతాయి.

వాస్తవం: గుంటూరు నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు భయపడుతూనే తీసుకెళ్ళాను. నేరుగా మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా హాలుకి తీసుకెళ్ళాను. ఫోర్డ్ కార్ల కంపెనీ అధినేత ఎడ్సెల్ ఫోర్డ్ ఇచ్చిన డబ్బుతో 1932, 33లో రివేరా ఆ నాలుగు గోడల మీద 27 భాగాలుగా ఫోర్డ్ ఫ్యాక్టరీని దించాడు. నేను అలవాటుగా వీ8 ఇంజిన్ గురించి మొదలుపెట్టాను. ఆవిడ వినడం లేదు. పైన కుడిపక్క మూలకు చూస్తున్నారు. తెల్లటి టోపీ పెట్టుకున్న నర్సు పసివాణ్ణి పట్టుకుంది, డాక్టరు టీకా వేస్తున్నాడు, ముందు ఆవు, గుర్రం, గొర్రెలు ఉన్నాయి. ఏసు పుట్టిన పాకను వెక్కిరించాడని అప్పట్లో మతపెద్దలు గోల చేసింది ఈ బొమ్మ మీదే.

"అమ్మవారు పోయకుండా వేసేది కదూ ఇది?" అన్నారు. జాకెట్టు చెయ్యి పైకి లాగి, భుజం మీద గుండ్రటి టీకా మచ్చ చూపించారు. ఆవు ఎందుకుందో నేను చెప్పకముందే, "మందు దాన్నుంచే తీసేవారుట" అన్నారు. పక్కనున్న స్కూలు పిల్లలు బొమ్మ వదిలేసి ఆవిడ భుజం వైపు చూడటం మొదలుపెట్టారు. ఒకడు ముట్టుకోవచ్చా అని అడిగాడు. నేను అనువదించాను, ఆవిడ చెయ్యి చాపారు. పార్కింగ్ టైమ్ అయిపోతోందని చివరికి నేనే లేపాల్సి వచ్చింది.