ఎలర్జీని అణిచే క్రీమే తామరను ఎందుకు పెంచుతుంది?

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన మహిళకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. కొద్ది రోజులకే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కు నోబెల్ వచ్చింది. అంతటి మందును చర్మానికి పూస్తే మాత్రం ఫలితం లేదు. కార్టిసోన్ హైడ్రోకార్టిసోన్‌గా మారితేనే పనిచేస్తుంది. కాలేయం ఆ మార్పు సులువుగా చేస్తుంది, చర్మానికి అది అంతగా చేతకాదు. 1952లో చర్మవైద్యులు సుల్జ్‌బర్గర్, విటెన్ ఏకంగా హైడ్రోకార్టిసోన్‌నే పూసి చూశారు. ఎగ్జిమా, అంటే చర్మం ఎర్రబడి దురదపెట్టే వాపు, తగ్గింది. తర్వాత బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి ఎన్నో రెట్లు బలమైన స్టెరాయిడ్ క్రీములు వచ్చాయి.

స్టెరాయిడ్ కణంలోకి వెళ్లి, వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కుతుంది. దానికి గంటలు పడుతుంది. హెయిర్ డై, గిల్టు నగల్లోని నికెల్ పడక ఒకటి రెండు రోజులకు లేచే పొక్కులు టీ-కణాలనే రోగనిరోధక కణాల పని. అక్కడ ఈ క్రీమ్ బాగా పనిచేస్తుంది. రొయ్యలు తిన్న నిమిషాల్లో లేచే దద్దుర్లు చర్మంలోని మాస్ట్ కణాలు వదిలిన హిస్టమిన్ అనే రసాయనం వల్ల వస్తాయి. వాటికి క్రీమ్ రాయడం దండగ, యాంటీహిస్టమిన్ మాత్ర కావాలి. ఊపిరి ఆడకపోతే ముందు అడ్రినలిన్ ఇంజెక్షనే. స్టెరాయిడ్ పనిచేసేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది.

చర్మానికి కాపలా కాసే లాంగర్‌హాన్స్ కణాలను కూడా స్టెరాయిడ్ తగ్గిస్తుంది. తామరకు కారణమైన ఫంగస్‌ను అడ్డుకోవాల్సింది ఈ రోగనిరోధక కణాలే. కాపలా పోయాక ఎర్రదనం, దురద మాయమవుతాయి, ఫంగస్ మాత్రం నిశ్చింతగా పాకుతుంది. అంచులు చెరిగి గుర్తుపట్టరాకుండా పోయిన ఈ తామరను వైద్యులు 1968లోనే వర్ణించారు. అయినా మన దగ్గర స్టెరాయిడ్, యాంటీబయాటిక్, యాంటీఫంగల్ కలిపిన ట్యూబులు మందుల షాపుల్లో అడిగిన వారికల్లా దొరికాయి. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్‌లో పైపూతలకు ఉన్న మినహాయింపే అందుకు దారి. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ల విషయంలో దాన్ని తీసేసింది. చాలా ఆలస్యంగా జరిగిన దిద్దుబాటు ఇది.

ఎగ్జిమాకు డాక్టరు రాసిస్తే కొలత ఇదీ: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అరగ్రాము, వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకు చాలు. ముఖం, గజ్జల దగ్గర చర్మం పలచన, మందు ఎక్కువ ఇంకుతుంది. బలమైనవి అక్కడ సొంతంగా రాయకూడదు.

తామర మీద రాసిన క్రీమ్ ఆపగానే ఎర్రదనం ఎగదన్నుతుంది. అణిగిన కణాలు మళ్లీ పనిలోకి దిగుతాయి కనుక. దానికి భయపడి మళ్లీ అదే ట్యూబు పట్టుకోవద్దు. ఆ చోట పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ పోగులు చాలాసార్లు దండిగా కనిపిస్తాయి.